కట్టు

మస్కట్‌లో, మా ఎముకల వార్డులో
విరిగిన కాలికి కట్టు కట్టి
ఆరు వారాలు కదలొద్దని చెప్తాను.
నాలుగో రోజుకే "ఇంకా ఎన్నాళ్ళు సిస్టర్" అని ఎవరైనా అంటే
ఎముకకి మన తొందర తెలీదు,
దాని పని అది చేసుకుంటోందిలే అని
దుప్పటి సర్దుతాను.

గుంటూరులో, ఏటుకూరు రోడ్డు మీంచి లోపలికి దిగితే
నా నూట ముప్పై గజాల్లో
ఇల్లు కడుతున్నారు.
మూడేళ్ళుగా కడుతూనే ఉన్నారు.
పక్కవాళ్ళ కాలికి చెప్పిన ఓపిక
నా గోడ దగ్గరికొచ్చేసరికి ఉండదు.

నాగుల్ మీరా మేస్త్రి ఫోనెత్తితే ఒకటే మాట:
"రేపు మొదలెడతాం మేడం."
ఇసుక రాని రేపు.
ఆషాఢం పోవాల్సిన రేపు.
(నాకూ ఆషాఢం లేదు, నీకూ లేదు గదా మేస్త్రీ అంటే
కూలోళ్ళకుంది మేడం అన్నాడు.)
సంక్రాంతి దాటితే మిర్చి రేపు:
సగం మంది కోతలకి, సగం మంది యార్డుకి,
ఇటుక మోసినదానికన్నా టిక్కీ మోస్తే నూటయాభై ఎక్కువ.
ఎవరు మాత్రం ఎందుకొస్తారు?

నైట్ డ్యూటీలో రెండు దాటాక
వాట్సాప్‌లో నా ఇంటికి వెళ్ళేదాన్ని.
రెండు వేళ్ళతో గోడని సాగదీసి వరసలు లెక్కపెట్టేదాన్ని.
జనవరిలో పదకొండు.
ఫిబ్రవరిలో పదకొండు.
మార్చిలో పన్నెండు.
అది నిజంగా పన్నెండో వరసో
ఫోను కాస్త పైకెత్తి తీశాడో తెలీలేదు.
ప్రతి ఫోటోలో కింద మూల ఒక నీడ,
చేతిలో బకెట్టులాంటిది.
మేస్త్రే అనుకున్నాను.
పోన్లే, నీళ్ళైనా పోస్తున్నాడు.

ఏప్రిల్లో పద్దెనిమిది రోజుల సెలవు.
రైలు దిగి, పెట్టెతో సహా ఆటోలో నేరుగా అక్కడికే.
తలుపు లేదు గనక తట్టే పని లేదు.
హాల్లో, అంటే హాలు అవ్వాల్సిన చోట,
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మిరపకాయలు.
అక్కడక్కడ తెల్లగా తాలు, మిగతాదంతా ఎరుపు.
నాకన్నా ముందే గృహప్రవేశం చేసి
ఎండలో కాళ్ళు చాపుకుని పడుకున్నాయి.

నా సొంతింట్లో నేను చేసిన మొదటి చప్పుడు
తుమ్ము.
వరసగా నాలుగు.

"మస్కట్టు మేడం మీరేనా?"
ఎదురు రేకుల షెడ్డులోంచి వచ్చింది, పేరు వజ్రమ్మ.
చేతిలో బకెట్టు.
మొహం కొత్తే.
నీడ మాత్రం నాకు ఏడాదిగా తెలుసు.

"కాయలు ఎత్తేత్తానమ్మా, ఒక్క గంట."
"గోడలు తడిపేది మీరా?"
"తడపకపోతే బీటలిస్తది గదా.
మా బోరు నీళ్ళు, మీ గచ్చు. మేస్త్రే చెప్పాడు,
ఖాళీగా పడుందిలే, ఆరబోసుకో అని."

అంటే నాగుల్ మీరా
నాకు తెలీకుండా నా ఇల్లు అద్దెకిచ్చాడు.
అద్దె బకెట్ల లెక్కన గోడలే వసూలు చేసుకున్నాయి.
కోపం తెచ్చుకుందామని గట్టిగా ఊపిరి పీల్చాను.
ఐదో తుమ్ము.

సాయంత్రం కాయలు పట్టాలో మూట కట్టి పక్కకి జరిపాక
ఆమె బకెట్టు, నేను మగ్గు.
ఎండకి కాలిన ఇటుక నీళ్ళు తాగుతుంటే
చిన్నగా సుయ్‌మని చప్పుడు,
ఆపరేషనయ్యాక మొదటి గుక్క ఇచ్చినప్పుడు
గొంతుల్లో వినేదే.
రెండు ఇటుకల మధ్య వేలు పెట్టి
నాడి చూసినట్టు చూశాను.
గట్టిగానే ఉంది.
వరసలు కూడా పన్నెండే, చేత్తో తడిమి లెక్కపెట్టాను.

చీకటి పడుతుండగా ఫోను.
నేనొచ్చిన సంగతి ఎవరు చెప్పారో.
"రేపు మొదలెడతాం మేడం, పొద్దున ఏడింటికల్లా!"

వజ్రమ్మ మూటలో చెయ్యిపెట్టి
ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది.
తల అడ్డంగా తిప్పింది.

"రేపొద్దు మేస్త్రీ," అన్నాను.
"కాయలు ఇంకా గలగలమనడం లేదు."